పదకొండో ప్రశ్న

ఎంబిటా రేవులో నా దుకాణం.
మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు,
కరెంటు పోతే కొవ్వొత్తి.
పరీక్ష ఫలితాలు, పాస్‌పోర్టు ఫోటోలు,
చావు కబుర్ల కరపత్రాలు,
ఏదైనా సరే, గంటకు అరవై షిల్లింగులు.

మూడు నెలలుగా అపోండి వస్తోంది.
ఒకప్పుడు నర్సు. ఇప్పుడు లైఫ్ జాకెట్లు కుట్టే
తొమ్మిది మంది ఆడవాళ్ళకు పెద్ద దిక్కు.
ఆవిడ చెబుతుంది, నేను టైపు కొడతాను.

ఇరవై మూడు ఉత్తరాలు పంపాం.
పదిహేడింటికి జవాబు లేదు.
నాలుగింటికి "మీ కృషి మెచ్చదగినది, కానీ".
ఆ కానీ ఎప్పుడూ వాక్యం మధ్యలోనే ఉంటుంది
పడవ అడుగున చిల్లులాగా.
ఒకరు మమ్మల్ని వేరే దేశం అనుకున్నారు.
మిగిలిన ఒకరు, ఏదో చలిదేశపు ఫెర్రీ కంపెనీ,
పెట్టె పంపారు: వాడిన జాకెట్లు, అరవై.

పెట్టె ఓడరేవులో ఐదు వారాలు ఆగింది.
సుంకం, నిల్వ ఛార్జీ, సంతకానికో సంతకం.
దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు గానీ
దాన్ని ఇంటికి తోలుకు రావడానికి
ఇంకో ఆవును అమ్మాల్సి వచ్చింది.
విప్పితే అన్నీ పిల్లల కొలతలు.
అపోండి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి
కత్తెర తెమ్మంది.
రెండేసి విప్పి ఒకటిగా కుట్టారు.
ఇప్పుడు మా చేపలవాళ్ళ వీపుల మీద
ఇక్కడెవరూ చదవలేని ఓడ పేరు
సగం ఇటు, సగం అటు.

ఈ రాత్రి దరఖాస్తుకు ఆఖరి గడువు.
వాళ్ళ అర్ధరాత్రి మాకు రెండు గంటలు.
చంద్రుడు లేడు కాబట్టి
ఒమెనా చేపలకు అందరూ వెళ్ళారు,
సరస్సు నిండా దీపాలు.

ఏడో ప్రశ్న: స్థానిక వాటా, కనీసం పది శాతం.
"మన దగ్గర డబ్బేదీ?" అన్నాను.
"డబ్బని అడిగారా? వాటా అన్నారు. రాయి.
న్యాంగ్వేసో కుట్టుమిషను, ఓచోలా షెడ్డు,
దారం తెచ్చే మోటారుసైకిల్ కుర్రాడి పెట్రోలు..."
కాస్త ఆగి, నా వంక చూడకుండా,
"ఈ దుకాణంలో నలభై ఒక్క గంటలు."
గుణించాను. రెండు వేల నాలుగు వందల అరవై.
నా పుస్తకంలో బాకీగా ఉన్నది
అక్కడ దానమై కూర్చుంది.
అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.
ఈవిడ అడగనూ లేదు,
వడ్డించేసుకుంది.
నోరు తెరిచి, మూసి,
ఎనిమిదో ప్రశ్నకు పోయాను.

పదకొండోది: ఇంతవరకు
ఎన్ని ప్రాణాలు కాపాడారు? అంకెల్లో మాత్రమే.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
పోయినవాళ్ళయితే పేరు పేరునా తెలుసు,
ఆసుపత్రి రిజిస్టరులో రాసింది తనే.
ఒక పేరు దగ్గర మాత్రం
కలం పక్కనున్న నర్సుకిచ్చిందట.
మునగనివాడు వచ్చి చెప్పడు కదా,
ఈరోజు నేను మునగలేదు అని.
పొద్దున్నే వచ్చి టీ తాగుతాడు,
చేప ధరను తిట్టుకుంటాడు,
పాత బాకీ ఎగ్గొట్టి పెళ్ళాంతో పోట్లాడతాడు.
వాణ్ణి ఏ గడిలో వెయ్యాలి?

సున్నా కొడితే యంత్రం ఒప్పుకోలేదు.
ఖాళీ వదిలినా ఒప్పుకోలేదు.
ఒకటీ నలభైకి ఆవిడ లేచి
గుమ్మంలో నిలబడి
వేలు చాపి దీపాలు లెక్కపెట్టింది.
"రాయి. ముప్పై ఎనిమిది."
"అది కాపాడిన లెక్క కాదుగా?"
"తెల్లారేదాకా కాదు."

నొక్కాను. తెర మీద చిన్న చక్రం
తిరుగుతూ, తిరుగుతూ ఉంది.
అంతలో కరెంటు పోయింది.
వెళ్ళిందో లేదో తెలియదు.

కొవ్వొత్తి వెతకలేదు.
చెరో స్టూలూ బయటికి లాక్కుని
ఇద్దరం కూర్చున్నాం,
పడవలు ఒడ్డుకొచ్చేకొద్దీ
లెక్క సరిచూసుకోవడానికి.