ఐదో పేరు

తలుపు వెయ్యనా, ఓస్ట్రాండర్?
రెండు నిమిషాలు. బూట్ల మట్టికి ఏమనుకోకు,
బుల్‌పెన్ నుంచి నేరుగా వచ్చాను.
బోర్డు మీద నాలుగు పేర్లు రాసి
ఐదోచోట ఖాళీ వదిలావని విన్నాను.

ఆ ఖాళీలో ఎవరి పేరు పడబోతోందో
గేటు దగ్గర టికెట్లు చింపే ముసలాయనకు కూడా తెలుసు.
ఇరవై రెండేళ్ళ ట్రెంట్ బ్రిగ్స్.
రాడార్ గన్ మీద తొంభై తొమ్మిది.
కాదనను. వాడి బంతి వస్తుంటే
గాలి చిరిగిన చప్పుడు వినిపిస్తుంది.

కానీ ఇదిగో, నా ఎడమ అరచెయ్యి చూడు.
పంతొమ్మిదేళ్ళుగా దీనికి బంతులు పట్టడమే పని,
ఆటలో కాదు, ఆటకి ముందు, ఎవరూ చూడనప్పుడు.
చూపుడువేలి మొదట్లో ఈ నల్లటి కమిలింపు బ్రిగ్స్‌ది.
గ్లవ్ ఒకచోట పెడతాను, వాడు ఇంకోచోటికి వేస్తాడు,
తేలు కుట్టినట్టు చెయ్యి ఎగరాలి.
ఉర్దనేటా వేసే రోజు ఈ చేతికి సెలవు.
గ్లవ్ పెట్టి కళ్ళు మూసుకోవచ్చు.
మంగళవారం నిజంగానే మూసుకున్నాను, పందెం కాసి.
తొమ్మిది బంతులు వచ్చి తోలులో కూర్చున్నాయి.
పదోది మోకాలికి తగిలింది.
తప్పు నాదే, నవ్వొచ్చి కదిలాను.

ముప్పై ఎనిమిదేళ్ళు, తెలుసు.
మోచేతి లోపల కుట్ల గీత, జిప్పులా.
ఎనభై ఆరు మైళ్ళు, అదీ అరిజోనా ఎండ బాగా కాస్తే.
వేగం ఒక వేసవిలో చెప్పకుండా వెళ్ళిపోయింది.
అతను దాని వెనకాల పరిగెత్తలేదు.
ఇంట్లో మిగిలినవాటితో వంట మొదలుపెట్టాడు:
ఒక వంకర బంతి, ఒక నిదానపు బంతి,
బ్యాటర్ ఊపిరి ఎక్కడ బిగబడుతుందో పసిగట్టే కన్ను.

పన్నెండు స్ట్రైకవుట్ల రాత్రి గురించి చెప్పను,
ఆ ఫొటో నీ గోడమీదే ఉంది.
ఓడిపోయిన ఆట చెప్తాను.
ఆగస్టు. మిల్‌వాకీ. ముందురోజు పదహారు ఇన్నింగ్స్ సాగింది,
రిలీవర్ల భుజాలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి.
ఉర్దనేటా మొదటి ఇన్నింగ్స్‌లోనే ఆరు పరుగులిచ్చాడు.
నువ్వు అటు ఫోను ఎత్తావు, ఇటు నేను ఎత్తాను.
“ఎవరైనా లేవగలరా?” అన్నావు.
బెంచీ వైపు చూశాను.
ఒక్కడూ నా కళ్ళలోకి చూడలేదు.
“లేరు” అన్నాను.
అతను ఏడో ఇన్నింగ్స్ దాకా వేశాడు.
నూట ఇరవై మూడు బంతులు,
ఓటమి ఎప్పుడో ఖాయమైపోయాక.
పుస్తకంలో ఆ రాత్రి అతనికొక మచ్చ.
తర్వాతి నాలుగు ఆటలూ మనం గెలిచాం,
నిద్రపోయి లేచిన భుజాలతో.
ఆ గెలుపులు ఎవరెవరి ఖాతాలో పడ్డాయో గుర్తుందా?
అతని ఖాతాలో ఒక్కటీ లేదు.

ఐదో స్థానమంటే కిరీటం కాదు కదా, ట్రూమన్.
ఐదు రోజులకోసారి వచ్చే మూట.
దించమని అడగనివాడు దొరకాలి.

నా స్వార్థమూ ఉంది, దాచను.
నాకు నలభై నాలుగు. అతన్ని పంపేశాక
మీకు గుర్తొచ్చేవి ఎవరి మోకాళ్ళో ఊహించగలను.
అది తీసేసి లెక్క వెయ్యి. అయినా మిగులుతుంది.

కావాలంటే బ్రిగ్స్‌నే అడుగు.
నిన్న సాయంత్రం, గడ్డి మీద నీళ్ళు చిమ్ముతున్న వేళ,
వాడి వేళ్ళను ఒక్కొక్కటే బంతి కుట్ల మీద సర్దుతున్నాడు ఉర్దనేటా.
తన చోటుకి వస్తున్నవాడికి
తన నిదానపు బంతి నేర్పుతున్నాడు.
దీనికి ఏ గడిలోనూ అంకె ఉండదు, తెలుసు.

నాలుగింటికి జాబితా అంటిస్తావట.
నేను వచ్చానని అతనికి చెప్పకు.
కిటికీలోంచి చూడు, ఇంకా అక్కడే ఉన్నాడు.
దిబ్బ మీద తన కాలు తవ్విన గుంతను
తనే పూడ్చి, తడిపి, తొక్కి చదును చేస్తున్నాడు,
తరువాత వేసేవాడి పాదం జారకుండా.

ఆ మార్కర్ ఇలా ఇయ్యి.
సరే, వద్దులే. నువ్వే రాయి.
పేరు కాస్త పొడుగే.
ఆ ఖాళీలో పడుతుంది,
లోపలికి వస్తూనే కొలిచాను.