నోరు మూసుకొని దిగిన ఫోటో

నల్గొండ గడియారం కాడి స్టూడియోల
మొదటి పాస్‌పోర్టుకు ఫోటో దిగిననాడు
"పండ్లు కనవడొద్దు" అన్నడు కెమెరాయన.
చెప్పకున్నా మూసుకునేదాన్నే.
మా మర్రిగూడెం దిక్కు ఆడపిల్లలం
ఎవ్వరూ నేర్పకుండనే నేర్చుకున్న విద్య అది.
నవ్వొస్తే కొంగు,
కొంగు లేకుంటే అరచెయ్యి.

బోరు నీళ్ళు తాగి పెరిగినం.
పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చుడు వచ్చుడే
పసుపు చారలు, ఇటుక రంగు మచ్చలు,
ఎవరో తడి సిరాతో ముద్రేసి
ఆరకముందే పుస్తకం మూసినట్టు.

పేరు సైదమ్మ.
జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే పుట్టిన్నని
సైదులు పేరు పెట్టుకున్న కురుమోళ్ళ పిల్లను.
ఇంట్ల బీరప్ప, పేరుల సైదులు.
ఇద్దరి నడుమ ఎన్నడూ పంచాయితి కాలే.
రెండు దిక్కుల ఉండుడు తప్పని
ముప్పై తొమ్మిదేండ్లు వచ్చేదాక నాకు తెల్వదు.

గాల్వేల ముసలోళ్ళ ఆశ్రమం, రాత్రి డ్యూటీలు.
పక్కలు మార్చుడు, మందులిచ్చుడు,
తెల్లారగట్ల ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకొని
ఎన్నడో చచ్చిపోయిన చెల్లె పేరుతోని పిలుసుడు.
తొమ్మిదో ఏట
పెద్ద హాలుల వేలమందిమి లేచి నిలవడి
ప్రమాణం చేసినం.
పక్కన నైజీరియా ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.
నాకు ఆకలైంది.

వాళ్ళు రెండూ ఉంచుకో అన్నరు.
మనోళ్ళు ఒక్కటే అన్నరు.
నీలం పుస్తకం కౌంటరు మీద పెడితే
అవతలామె కత్తెర తీసుకొని
మూల కోసింది, టక్కున.

మా అయ్య గొర్రె చెవికి గాటు పెడుతుండె
ఇది మాది అని.
గుట్ట మీద నాలుగు మందలు కలిసిపోయినా
పొద్దుగూకే యాళ్ళకు
ఆ గాటు జూసి ఏరుకుంటుండె.
ఈమె పెట్టిన గాటు
ఇది మాది కాదని.
సప్పుడు మాత్రం ఒక్కతీరే.

బదులుగ ఒక కార్డు ఇచ్చిండ్రు.
బతికినన్నాళ్ళు రావొచ్చు, ఉండొచ్చు.
ఓటుకు పనికిరాదు.
చెలకకు కూడ పనికిరాదని
మొన్న తాసిల్దారు ఆఫీసుల తెలిసింది.

చెల్లె చేనుకు ఆనుకొని ఇరవై గుంటలు,
ఎర్రమట్టి, గట్టు మీద రెండు తంగేడు పొదలు.
ఎండకాలం రాత్రిళ్ళు
అయ్య మంద ఆపిన నేల అది.
"ఇల్లైతే కొనుక్కోండి మేడం, చెలక కుదరదు.
వారసత్వంగ వస్తే వస్తది, కొంటే రాదు"
అన్నడు గుమస్తా.
వారసత్వమట!
మంద ఆపిన రాత్రికి కుంచెడు జొన్నలు,
అదే మా అయ్యకు పట్టా, పాసుబుక్కు.
జొన్నలు గప్పుడే తిన్నం.

ఇదంత ఆయనతోని చెప్పిన్నో,
మనసులనే అనుకున్ననో.
మాట నడుమ తలెత్తి
నా నోటి దిక్కు జూసిండు.
"మీది మర్రిగూడెమా, శివన్నగూడెమా?"
అడిగి, తనే నవ్విండు.
గప్పుడు కనవడ్డయి ఆయన పండ్లు.
అవే చారలు,
అదే ఇటుక రంగు.
ఒక్క నిమిషం
ఇద్దరం చెయ్యి అడ్డం పెట్టుకోలే.

తర్వాత ఫైలు మడిచి నా చేతికే ఇచ్చిండు.
రూలు రూలే.
నీళ్ళు తాగుతరా అని అడిగిండు.

ఇప్పుడు ఇంటింటికి కిష్ణ నీళ్ళ నల్లా.
చెల్లె బిడ్డ మనస్వినివి తెల్లటి పండ్లు,
వాటిని జూసి అది ఏ ఊరిదో
ఎవ్వరూ చెప్పలేరు.
నిన్న గడప మీద కూసొని
జామకాయ కొరుక్కుంట అడిగింది
"పెద్దమ్మా, నువ్వు పండ్లు తోముకోవా?"

తోముతనే ఉన్న బిడ్డా,
రెండు దేశాల పేస్టులతోని.