ససేమిరా

మొదట ఆ ఫోటోని పక్కన పడేసింది నేనే, తూరున్.
ఆ సంగతి నిన్న వేదిక మీద నువ్వు చెప్పలేదు.
చెప్పి ఉంటే బాగుండేది.
చప్పట్లు కొట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి మరి.

మసకగా ఉంది అన్నాను.
కుక్క మొహమే కనపడకపోతే ఎవరు చూస్తారు అన్నాను.
బెర్గెన్‌లో వాన రోజూ పడేదే, దానికి అరపేజీ ఇవ్వలేనన్నాను.
నువ్వేం మాట్లాడలేదు.
తడిసిన బూట్లు హీటర్ పక్కన ఆరబెట్టుకుని
నా కప్పులో కాఫీ తాగి వెళ్ళిపోయావు.

పద్నాలుగు నెలలు.
మొదటి మూడు నెలలూ కెమెరా సంచీలోంచి బయటికే రాలేదట.
హాల్వర్‌కి ఎడమపక్క తూవా, కుడిపక్క నువ్వు,
కొండ మెట్లు ఎక్కుతూ దిగుతూ
పియానోలు శ్రుతి చేసే ఆ మనిషి వెంట ఇల్లిల్లూ.
తూవా నీ వాసన మరిచిపోయేదాకా.
కాదు, గుర్తుపెట్టుకుని ఇక పట్టించుకోనిదాకా.
ఆ రోజులన్నిటికీ నేను నీకు సెలవు రాశాను.

ఇప్పుడు గోడ మీద, నా అంత ఎత్తున, అదే ఫోటో.
తడి రోడ్డు.
చప్పుడు చేయని కరెంటు కారొకటి
తెల్లటి గీతై ఫ్రేములోంచి పారిపోతోంది.
"ముందుకు" అన్న మాట హాల్వర్ నోట్లో ఇంకా సగం ఉంది,
కనుబొమల మధ్య విసుగు.
అతని మోకాళ్ళకి అడ్డంగా తూవా,
నాలుగు కాళ్ళకీ మేకులు దిగేసినట్టు.
మొహం లేదు. అవును.
తడి వీపు, దాని మీద బిగిసిన పట్టీ, అంతే.

కింద 'విశ్వాసం' అని రాశాను నేను.
కుక్క అనగానే చెయ్యి దానంతటదే రాసేసే మాట.
ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశావు.
"చెప్పిన మాట విననందుకే కదా ఈయన బతికున్నాడు"
అని, పక్కన ఒక్క ముక్క రాశావు:
ససేమిరా.

నిన్న హాల్వర్ అడిగాడు, ఏది గెలిచింది అని.
"తూవాని నువ్వు తిట్టిన రోజుది."
"అయితే ఊరంతా నా తప్పే చూస్తోందన్నమాట."
నవ్వుతూ అద్దం మీద వేళ్ళు జరిపాడు,
ఏ తీగ వదులైందో వెతుకుతున్నట్టు.
"చల్లగా ఉంది. కారెక్కడ?"
అతని చిటికెన వేలు పట్టుకుని ఆ తెల్ల గీత మీద పెట్టావు.
"నేనెక్కడ?"
బొటనవేలు చాచి కొలిచాడు, కారు నుంచి తన మోకాలి దాకా.
జాన నిండలేదు.
ఎవరం ఏమీ అనలేదు.

తూవా మాత్రం కుర్చీ కింద గురకపెట్టింది.
రిటైరైంది కదా, పట్టీ లేదు.
బయటికొచ్చాక, తొమ్మిదేళ్ళు ముక్కు తిప్పకుండా దాటిన
చేపల మార్కెట్టు వైపు తీరిగ్గా మళ్ళింది.
కెమెరా తీస్తావేమో అని చూశాను.
జేబుల్లో చేతులు పెట్టుకుని దాని వెనకే నడిచావు,
ఒక్కో బండి దగ్గరా అది ఆగినంతసేపూ ఆగుతూ.

రేపటికి అరపేజీ ఖాళీగా ఉంచాను.
శీర్షిక నువ్వే పంపు.