ఆహ్వానపత్రం కింద, చిన్న అక్షరాల్లో

"బిజినెస్ ఫార్మల్స్" అని ఉంది.
ఆ రెండు మాటలూ
బీరువా మొత్తాన్ని మంచం మీదికి దింపాయి.

రేపు పదిన్నరకి బెజవాడలో, బందరు రోడ్డు హోటల్లో
అమోనియా లీకుల మీద నాకు పన్నెండు నిమిషాలు.
ఎనిమిదేళ్ళ నైట్ డ్యూటీల్ని
పదకొండు స్లైడుల్లోకి కుదించగలిగాను,
ఒంటి మీదికి ఆరు గజాలు తేల్చుకోలేకపోతున్నాను.

మా చీఫ్ ఇంజనీరు గారూ వస్తున్నారు.
"ఏం వేసుకుంటున్నారు సార్?" అని అడిగాను.
ప్రశ్నే అర్థం కాలేదాయనకి.
"చొక్కా" అన్నారు.

గుంటూరులో మార్చి నెలంటే తెలుసుగా.
యార్డులో టిక్కీలు దిగుతుంటే
ఇక్కడ తీగ మీద ఆరేసిన ప్రతి గుడ్డా
ఒక తుమ్ముని దాచుకుంటుంది.
నీలం పట్టుచీర మడత విప్పితే నాకే పొలమారింది.
అది కట్టుకుంటే ఎలాగూ
పేపరు చదవడానికి కాదు, పేరంటానికొచ్చినట్టుంటుంది.
జార్జెట్టయితే పైట జారుతుంది,
పట్టుకోడానికి చెయ్యేదీ?
ఒక చేతిలో రిమోటు, ఇంకో చేతిలో వణుకు.

నల్ల ప్యాంటూ కోటూ జుబేదా ఇచ్చింది,
బ్యాంకు ప్రమోషన్ ఇంటర్వ్యూకి కుట్టించుకుందట.
వేసుకుని అద్దం ముందు నిలబడితే
ఎవరో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారనుకుని
నాకు నేనే నమస్కారం పెట్టబోయాను.
భుజాల దగ్గర అది ఆమెది,
మోచేతుల దగ్గరికొచ్చేసరికి ఎవరిదీ కాదు.

అమ్మ తొంగి చూసి
"తెల్లది కట్టవే, టీచరమ్మలా ఉంటావు" అంది.
ఉంటాను.
టీచరమ్మని వాల్వుల గురించి ఎవరడుగుతారు?

అప్పుడు కరెంటు పోయింది.
నిర్ణయం అని గొప్పగా చెప్పుకోలేను,
చీకట్లో చేతికి తగిలింది
బూడిదరంగు మంగళగిరి నూలుచీర, నిజాం అంచుది.
ఇస్త్రీ బండి పోలేరయ్య పదింటికి బొగ్గులు ఆర్పేస్తాడు.
పరిగెత్తాను.

నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించగానే
చీరలోంచి ఘాటు లేచింది.
ఇద్దరం తుమ్మాం.
"ఏ స్టోరేజీలోనమ్మా పని?" అన్నాడు.
చెప్పాను.
పెట్టె పక్కన పెట్టాడు.
"మా తమ్ముడూ అందులోనే. పోయిన శ్రావణం దాకా."

నాకు తెలుసు.
మూడో స్లైడులో, గ్రాఫు కింద,
అతను "ఒక కార్మికుడు".

పోలేరయ్య ఇంకేం అడగలేదు.
కుచ్చిళ్ళ వైపు ఒకసారి, అంచు మీద రెండుసార్లు తోమాడు.
ఇరవై ఇస్తే ఐదు తిరిగిచ్చాడు,
చిల్లర కోసం డబ్బా అంతా వెతికి మరీ.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను.
ఉన్న కాస్త ఛార్జింగులో
ఆ రెండు మాటలూ కొట్టేసి
"అంకారావు, ముప్పై నాలుగేళ్ళు" అని రాశాను.
గడిలో ఇమడలేదు.
గ్రాఫునే చిన్నది చేశాను.

పొద్దున బస్సు మంగళగిరిలో ఆగింది.
చీర తన ఊరిని గుర్తుపట్టిన సూచనేం లేదు.
పక్క సీటావిడ మాత్రం అంచు పట్టి చూసి
"మగ్గమా, మిషనా?" అంది.
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

హాల్లో చలి.
నీలం చొక్కాలన్నీ చేతులు కట్టుకుని కూర్చున్నాయి.
సంచిలో నా స్వెట్టరుంది,
స్టోరేజీ గదుల్లోకి వేసుకునేది, ఎడమ మోచేతి దగ్గర చిరిగింది.
వేసుకోనా మాననా అనుకుంటూ ఉండగానే
పేరు పిలిచారు.

మూడో స్లైడు రాగానే
ముందు వరసలో ఎవరో తుమ్మారు.
తుమ్ము వినపడితే
ఒక్క నిమిషం ఆగి కదలమంటుంది అమ్మ.

నాకిచ్చిన పన్నెండులో ఒకటి
ఆగాను.