పిడికెడు

చంపాయ్‌కి అవతల, మిజో కొండ అంచున
మా చర్చికి నేనే లెక్కలు రాస్తాను.
ఇంటికో పేజీ. పదోవంతు ఎంత,
బుధవారం పాటలకి డోలు వాయించే వంతు ఎవరిది,
చావింట్లో తెల్లవార్లూ కూర్చోవలసింది ఎవరు.
ఇవిగాక, ఎసట్లో పోసే ముందు
పూటపూటకీ దేవుడికని తీసిపెట్టే పిడికెడు బియ్యం.

సియామ్‌కుంగి సారా కాచిందని
ముగ్గురు సాక్ష్యం చెప్పారు.
వాళ్ళలో ఇద్దరు దాని రుచి కూడా చెప్పగలరు.
ఆమె కాదనలేదు.
కొడుకు మందులకి అని కూడా అనలేదు.
పెద్దలు నావైపు చూశారు.
మొదటి గీతకి సిరా రాక కాగితం చిరిగింది,
రెండోది పడింది.

ఆదివారం వచ్చి చివరి బల్ల అంచున కూర్చుంది.
రొట్టె పళ్ళెం
ఆమె మోకాళ్ళ ముందునుంచి
ఆగకుండా పక్కకి పోయింది.
పాట మాత్రం పాడింది, ఎప్పట్లాగే
అరశ్రుతి కిందగా.

మర్నాడు ఆడవాళ్ళు బుట్టలు దింపి
ఒక్కొక్కటే తూకానికి ఇస్తుంటే
మూలన ఎవరూ ముట్టని బుట్ట.
మూత తీశాను. ఎర్రబియ్యం.
ఊరు మొత్తానికి ఎర్రవడ్లు చల్లేది ఆమె ఒక్కతే.

రెండు కిలోల మూడొందలు.
నెలంతా, కొట్టేసిన తర్వాత రోజులు కూడా కలిపి.
పేరు కొట్టెయ్యమన్నారు, కొట్టేశాను.
పిడికిలిని ఏం చెయ్యాలో
తీర్మానంలో లేదు.

గీత కింద, పెన్సిల్‌తో, సన్నగా
తూకం వేసిన అంకె రాసుకున్నాను.
ఎవరైనా అడిగితే చెరిపేస్తాను.
లబ్బరు జేబులోనే ఉంది.