నడిమి పెట్టె

మా నాయన మునెయ్య పాకాల జంక్షన్లో షంటింగ్ మనిషి.
రెండు పెట్టెల నడుమ వంగి
కొక్కెం విప్పడం, కొక్కెం తగిలించడం,
ముప్పై ఒక్క ఏండ్లు అదే పని.
కుడిచేతి చిటికెన వేలు ఒక గూడ్సు తినేసింది.

నేను తిరుపతిలో, యూనివర్సిటీ రెండో అంతస్తులో
కంటికి ఆనని బండ్లతో కూర్చుంటా.
ఆర్‌ఎన్‌ఏ అనే పొడుగాటి బండి.
నడిమధ్యలో పేరంటానికి పిలవని పెట్టె, ఇంట్రాన్.
అది ఉన్నంతసేపూ బండి ఏ ఊరూ చేరదు.
తీసే మనిషి లేడు.
అదే మడతలు పడుతుంది, తనలోకి తాను వంగుతుంది,
తన కొక్కెం తానే విప్పుకుంటుంది,
పోతా పోతా
ముందు పెట్టె చేతిని వెనక పెట్టె చేతిలో పెట్టి మరీ పోతుంది.

ఇంత మర్యాద తెలిసిన దొంగను నేనింకెక్కడా చూడలేదు.

"మెగ్నీషియం దండిగా వెయ్యి, వేడి పెంచు,
ఒంటరిగానే ఊడొస్తుంది" అంటాడు చెంగల్రాయుడు సారు,
"బ్యాక్టీరియా కడుపులో అంత ఉప్పు యాడిది?"
అక్కడ దానికో తోడు కావాలి.
ఆ తోడు రాసి ఉండేది దాని కడుపులోనే,
ఒక ప్రొటీను.
తాను దూర కంత లేదు, మెడకో డోలు
అనుకుని నవ్వినా, మొదటిసారి చదివినప్పుడు.
కంత తొలిచేది ఆ డోలే అని
తర్వాత తెలిసింది.
తల్లి మడతలు సర్ది నిలబెట్టేదీ,
కొత్త గోడలోకి తల్లిని దూర్చేదీ,
ఆమె రాతను వెనక్కి డీఎన్‌ఏగా తిప్పి రాసేదీ.

మే నెల. కరెంటు పోయింది. జెల్ సగంలో ఆగింది.
కిటికీలో ఘాట్ రోడ్డు దీపాలు
మడత మీద మడత.
నాయనకు ఫోన్ చేసినా.

"ఊడిన పెట్టె యాడికి పాయ మ్మే?"
తలను తెచ్చి తోక దగ్గర ముడేసుకుంటుంది నాయనా,
దూడకు కట్టే పలుపు మాదిరి.
"మన ఒంట్లో కూడానా?"
మన ఒంట్లో అది ముక్కలైపోయింది.
ఐదు ముక్కలు, చుట్టూ వంద మందికి పైగా ప్రొటీన్ల గ్యాంగు.
నడుమ కూర్చున్న పెద్దమనిషిది
ఆ పాత డోలు వంశమే అంటారు.
"కొక్కెం విప్పేది ఆ గ్యాంగేనా?"
కాదు. వాళ్ళు పట్టుకుంటారు.
విప్పేది ఇప్పటికీ ఆ ముక్కలే.

చాలాసేపు ఏమీ అనలేదు.
అటువైపు ఏదో బండి కూసి పోయింది.
"వేలు పోయి ఇన్నేండ్లాయ,
కొక్కెం బరువు ఇంకా ఆ వేలికే తెలుస్తుంది మ్మే."

రెండు గంటలకు కరెంటు వచ్చింది.
తెల్లారుజామున ఊదా దీపం కింద జెల్ పెట్టి చూసినా.
అన్నిటికంటే వెనకబడి, పైన,
సన్నంగా ఒక గీత,
ముడేసుకున్నది.