పాత కాట్లు

జూలై. ఓమరూలో చలికాలం.
సున్నపురాయి గోడల మీద పేరుకున్న మంచు
పదిన్నరకి గానీ వదలడం లేదు.
ఈగ లేదు, దోమ లేదు,
కిటికీ సందులో సాలీడు కూడా పని లేక కూర్చుంది.
అయినా రాత్రి రెండింటికి
నా ఎడమ చీలమండ నిద్ర లేచింది.

మొత్తం ఏడు.
ఊలు మేజోడు అంచు ఆగిన చోటే,
వరస తప్పిన కుట్టులా.
కిందటి అక్టోబరులో, పరింగా నది మొగలో,
అన్న గుడిసెకి వారం రోజులు చుట్టంగా వెళ్ళినప్పుడు
ఇసుక ఈగలు పెట్టినవి.
మానాయి. మచ్చలయ్యాయి. మచ్చలూ మాసిపోయాయి.
ఇప్పుడు కాస్త వేన్నీళ్ళు తగిలితే చాలు,
హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే తలెత్తుతున్నాయి.

"చర్మానికి జ్ఞాపకం ఎక్కువ, నోలీన్. గోకకండి"
అంది మందుల షాపులో టీగన్.
ఇరవై రెండేళ్ళ పిల్ల.
దాని ఒంటి మీద ఇంకా ఏదీ రెండోసారి లేవలేదు.

ఆ ఈగ నువ్వుగింజంత ఉంటుంది.
దోమలా చెవి దగ్గర పాడి హెచ్చరించే మర్యాద లేదు.
కుట్టదు కూడా, కోస్తుంది.
కోసి, ఊరిన చుక్క తాగి
తన దారిన పోతుంది.
మనకి మూడో రోజున తెలుస్తుంది.

నాన్న పోయిన ఏడు కూడా అంతే.
వల వేసే గట్టు, రేకుల గుడిసె,
నీళ్ళలోకి చాచిన చెక్క తిన్నె,
ఆఖరికి ఆ మసి కెటిల్‌తో సహా
క్లారీ పేర రాసి ఉన్నాయని వకీలు చదివినప్పుడు
నాకు చీమ కుట్టినట్టైనా లేదు.
వచ్చినవాళ్ళకి శాండ్‌విచ్‌లు కోశాను.
అంచులు తీసి మరీ కోశాను.
దద్దురు లేచింది తొమ్మిదేళ్ళ తరవాత,
దిండు గలీబు ఇస్త్రీ చేస్తుండగా,
ఊరికే.

క్లారీకి దురద అంటే తెలియదు.
పొట్టి లాగుతో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి
గాజుపోగుల్లాంటి చేపపిల్లల్ని వలలోంచి దులుపుకుంటుంటే
పిక్కల మీద నల్లగా ముసిరేవి.
చూసుకునేవాడు కాదు.
"ఈ ఒంటిని అవి ఎరుగుతాయి నోల్.
వచ్చిపోయేవాళ్ళకే ఈ తంటా అంతా."

వచ్చిపోయేవాళ్ళు!
ఆ గుడిసెలోనే పుట్టాను నేను,
నెలలు నిండకుండా, వరద రోడ్డుని తెంచేసిన రాత్రి.
కందకు లేని దురద కత్తిపీటకెందుకని
నవ్వుకుందామనే చూశాను.
మా ఇద్దరిలో కంద ఎవరో
ఎంతకీ తేలలేదు.

వెనిగర్ రాశాను. ఉల్లిపాయ రుద్దాను.
ఎవరూ చూడకుండా తలదువ్వే బ్రష్‌తో
అయిదు నిమిషాల స్వర్గం, గంట నరకం.
చివరికి చెంచా:
వేడి టీలో ముంచి, కాలీ కాలనట్టు ఒత్తడం.

ఆదివారం ఫోను మోగేటప్పటికి ఆ పనిలోనే ఉన్నాను.
క్లారీ పది నిమిషాలు వాన గురించి మాట్లాడాడు.
తుంటి ఆపరేషన్ గురించి,
క్రైస్ట్‌చర్చ్‌లో కూతురి ఇంట్లో గడిపిన ఏడు నెలల గురించి,
అక్కడి కుళాయి నీళ్ళ రుచి గురించి.
పోయిన వారం గుడిసెకి వెళ్ళాట్ట.
తాళం బిగుసుకుపోయిందిట.
ఆ తరవాత చాలాసేపు
తీగలో గాలి తప్ప ఏమీ వినపడలేదు.

"నోల్, కాళ్ళు రొట్టెల్లా పొంగాయి.
నన్నెప్పుడూ చూడనట్టే కోశాయి.
రాత్రంతా గోక్కుంటూ కూర్చున్నాను.
నువ్వేం చేస్తావు దీనికి?"

చెప్పాలంటే చాలా ఉంది.
నోటి దాకా వచ్చింది కూడా.
చెంచా సంగతి చెప్పాను.
టీ మరీ మరిగింది వద్దన్నాను.

"ఎంతసేపు పెట్టాలి?" అన్నాడు.

నా చీలమండ మీద చెంచా
ఎప్పుడు చల్లారిందో చూసుకోలేదు.
"ఏమో క్లారీ," అన్నాను,
"ఇంకా పెడుతూనే ఉన్నాను."